అనంతపురం గాలికి పూల మొక్కలను నిలబెట్టేవి: ఇనుప ఊతకర్రలు, సర్వి కట్టెలు, క్రీపర్ నెట్

నేలసంపెంగ, గ్లాడియోలస్, డాలియా, పొద్దుతిరుగుడు, హాలీహాక్ వంటి పొడవుగా ఎదిగే పూల మొక్కలను అనంతపురంలో పెంచాలనుకునేవారు నీటి ఎద్దడికైతే ఎలాగో ఉపాయం చూసుకుంటారు గానీ, గాలికి మాత్రం చాలామంది ముందుగా సిద్ధపడరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ ప్రాంతంలో ఆ కొద్దిపాటి వాన కూడా నెమ్మదిగా కురిసి పోదు. గాలివానగా వచ్చి ఒక్క సాయంత్రంలో మడి మొత్తాన్నీ పడుకోబెట్టి పోతుంది. ఆషాఢ, శ్రావణ మాసాలలోనైతే వానతో నిమిత్తం లేకుండానే పడమటి గాలి రాత్రింబవళ్లు వీస్తుంది. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న రామగిరి కొండల మీద గాలిమరలను నిలబెట్టింది ఈ గాలిని చూసుకునే. కాబట్టి ఇక్కడ పూలతోట పెట్టేవారికి ఊతం అనేది మొక్క ఒరిగిన తర్వాత వెతుక్కునే వస్తువు కాకూడదు. విత్తనంతో, దుంపతో పాటే కొని పెట్టుకోవలసిన సరుకు అది.

పెరటి మడుల కోసం, మిద్దె మీది కుండీల కోసం నేను కొని వాడినవి మూడు రకాలు. మొదటివి ఆన్‌లైన్‌లో తెప్పించిన, పచ్చని ప్లాస్టిక్ పూత వేసిన ఇనుప ఊతకర్రలు, వాటితో కలిపి అమ్మే వలయాలు. రెండోవి ఊళ్లోనే దొరికే వెదురు, సర్వి (సరుగుడు) కట్టెలు. మూడోది బీర, కాకర పందిళ్లకు రైతులు వాడే క్రీపర్ నెట్. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది: మడిలో బారుగా నాటిన మొక్కలకు క్రీపర్ నెట్‌తో సమానమైనది ఈ మూడింటిలో మరొకటి లేదు, అయితే దాన్ని పందిరికి కట్టినట్టు నిలువుగా కాకుండా నేలకు సమాంతరంగా పరచాలి. విడిగా కర్ర అవసరమయ్యే మొక్కలు రెండు మూడే ఉంటాయి. వాటికి సర్వి కట్టె సరిపోతుంది. ప్లాస్టిక్ పూత కర్రలను మళ్లీ కొనే ఉద్దేశం నాకు లేదు.

ఆ కర్రలు పెట్టె విప్పినప్పుడు చూడముచ్చటగానే ఉంటాయి. నాలుగడుగుల పొడవు, చిటికెన వేలి మందం, లోపల డొల్లగా ఉండే ఇనుప గొట్టం, దాని మీద పచ్చని ప్లాస్టిక్ పొర, కట్టు కిందికి జారకుండా ఆ పొర మీద చిన్న చిన్న గుబ్బలు, అడుగున మొనదేలిన టోపీ, పైన గుండ్రని మూత. వీటి లోపం నేలలో దించేటప్పుడే బయటపడుతుంది. మా పెరడు ఎర్ర గరప నేల. జానెడు లోతు దాటగానే గులకరాళ్ల పొర తగులుతుంది. చేత్తో నొక్కితే కర్ర దిగదు. సుత్తితో కొడితే పైమూత పగిలి గొట్టం నోరు తెరుచుకుంటుంది. గడ్డపారతో ముందుగా గుంత తీసి, కర్రను నిలిపి, చుట్టూ మట్టి దట్టించి నాటితే నిలుస్తుంది గానీ, సన్నగా, నున్నగా ఉండటం వల్ల మట్టికి దాని మీద పట్టు తక్కువ. నీరు పెట్టిన మరునాడు గాలి వస్తే మొక్కతో పాటు కర్ర కూడా ఒరుగుతుంది. నల్లరేగడి నేలలోనైతే తడిగా ఉన్నప్పుడు సులువుగా దిగి, నేల ఎండి నెర్రెలు విచ్చగానే వదులైపోతుంది.

ఎండలో ఒక్క కాలం గడిచేసరికి పైనున్న పూత పెళుసుబారింది. గోటితో గీకితే పొరలుగా లేచి వస్తుంది. మూత పగిలిన కర్రల లోపలికి నీరు దిగి, అడుగు కీలు దగ్గర తుప్పు ఎర్రని చారగా కిందికి కారింది. డాలియాకు కట్టినప్పుడు గాలివానకు ఒక కర్ర నడిమికి మడత పడింది. ఆ మడతను సరిచేయబోతే అక్కడే రెండుగా తెగింది. అమ్మినవారు రాసిన పొడవు, మందం కొలతలు సరైనవే. గొట్టం రేకు ఎంత మందమో మాత్రం ఎక్కడా రాయలేదు. ఆన్‌లైన్‌లో ఇటువంటివి కొనదలచినవారు పొడవుకన్నా ముందు ఆ రేకు మందం ఎంతో అడిగి తెలుసుకోవాలని, వీలైతే డొల్ల గొట్టానికి బదులు లోపల కూడా నిండుగా ఉండే ఊచను ఎంచుకోవాలని నా సలహా.

వాటితో వచ్చిన వలయాల గురించి మాత్రం మంచి మాటే చెప్పాలి. మూడు కాళ్ల మీద నిలిచే గుండ్రని ఇనుప తీగ చట్రం, నడుమ అడ్డంగా రెండు తీగలు: అంతే దాని నిర్మాణం. మొక్క చిన్నదిగా ఉన్నప్పుడే దాని మీద బోర్లించి పెడితే కొమ్మలు తీగల మధ్య నుంచి పైకి దూరి వస్తాయి, నెల తిరగకముందే ఆకుల గుబురులో వలయం కనబడకుండా పోతుంది. గుబురుగా ఎదిగే చామంతికి, కుండీలోని మొక్కకు ఇది చక్కగా పనికొస్తుంది. కాళ్లు పొట్టివి కావడం వల్ల నడుమెత్తు దాటే మొక్కకు ఇది చాలదు.

ఊరి కట్టెల సంగతికి వస్తే, మేదరులు అమ్మే వెదురు బద్దలు, కట్టెల డిపోలో దొరికే సర్వి కట్టెలు చాలా చౌక. ఒక కట్ట ప్లాస్టిక్ కర్రలకు పెట్టే డబ్బుతో ఒక మడికంతా సరిపడే సర్వి కట్టెలు తెచ్చుకోవచ్చు. మదనపల్లె వైపు టమాటా చేలల్లో కట్టెలు పాతి, తీగ లాగి, మొక్కను పురికొసతో పైకి కట్టడం చూసినవారికి వీటి బలం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఈ రెండింటిలో నేను సర్వి కట్టెకే ఓటు వేస్తాను. దాని బెరడు గరుకుగా ఉంటుంది కాబట్టి కట్టిన దారం కట్టినచోటే నిలుస్తుంది. వెదురు నునుపు వల్ల కట్టు క్రమంగా కిందికి జారుతుంది. బొటనవేలి మందం నుంచి రెండు వేళ్ల మందం దాకా నిటారుగా ఉన్నవాటిని డిపోలో ఏరుకోనిస్తారు. వంకర ఉన్న కట్టెను తీసుకోకూడదు. కట్టె ఏ వంకన ఉంటే కట్టిన కాండం కూడా ఆ వంకనే తిరుగుతుంది.

వెదురు కొనేవారు ఒక విషయం గమనించాలి. పైకొసను కణుపుకు కొంచెం పైగా కోయించుకోవాలి. కణుపు మూసి ఉంటే గొట్టంలో నీరు నిలవదు, పురుగులు లోపల గూడు పెట్టవు. చెదల బెడద రెండింటికీ ఉంది. ఎర్ర నేలల్లో నాటిన వెదురును చెద ఒక్క వానాకాలంలోనే నేలమట్టం దగ్గర గుల్ల చేస్తుంది. పైకి చెక్కుచెదరనట్టే కనిపించి, పట్టుకుంటే చేతిలోకి ఊడి వస్తుంది. అడుగు మూరెడు భాగానికి తారు పూసి, బాగా ఆరిన తర్వాత నాటితే కొంత మేలు. పూలకాలం ముగియగానే కట్టెలను పీకి, మట్టి దులిపి, ఎండబెట్టి, నీడన గోడకు ఆనించి దాచుకోవడం అంతకన్నా మేలు. ఎంత లోతు పాతాలన్న ప్రశ్నకు, మొత్తం పొడవులో మూడో వంతు నేలలో ఉండాలన్నది నేను పాటించే లెక్క. డ్రిప్ వేసిన మడిలో లేటరల్ పైపు (మొక్కల బారు వెంట నీరు అందించే సన్న గొట్టం) ఎటు పోతోందో చేత్తో తడిమి చూసిన తర్వాతే గడ్డపార వేయాలి. మట్టి కప్పుకున్న పైపుకు పడిన చిల్లు మొక్కలు వాడేదాకా బయటపడదు. కట్టెల పైకొసలకు పాత సీసా మూతలో, రబ్బరు తొడుగులో తగిలించడం తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను. కలుపు తీయడానికి వంగినవారి కంటికి ఆ కొస తగిలితే కలిగే నష్టం ఏ పూలకూ తగినది కాదు.

ఇక ఈ సమీక్షలో ముఖ్యమైన వస్తువు క్రీపర్ నెట్. దీన్ని అనంతపురం పాతూరులో డ్రిప్ పైపులు, షేడ్ నెట్లు, మల్చింగ్ షీట్లు అమ్మే ఒక వ్యవసాయ సామగ్రి దుకాణంలో కొన్నాను. పూల మడికని చెప్పగానే దుకాణదారు, "అక్కా, ఇది బీరకూ కాకరకూ గదా వేసేది, పూలకేం జేస్తారు?" అని అడిగాడు. మొక్కలు పడుకోకుండా అడ్డంగా పరుస్తానని చెబితే, లోపలి నుంచి రెండు రకాలు తెచ్చి కౌంటర్ మీద పరిచి చూపించాడు. ఒకటి సన్నని తెల్ల దారం, చౌకది. రెండోది దారం మందంగా ఉండి, ఎండ తాకిడికి తట్టుకునేలా యూవీ స్టెబిలైజర్ కలిపి చేసినది. "మన ఎండకు తెల్లది ఒక్క పంటకే అక్కా, మళ్లీ సంవత్సరం ముట్టుకుంటే పొడి అవుతుంది" అని తానే చెప్పి, ఖరీదైన రకాన్ని కూడా చుట్ట మొత్తం కొనమని అడగకుండా నాకు కావలసినంత పొడవు కోసి ఇచ్చాడు. అతను చెప్పింది నిజమేనని తర్వాత తేలింది. మా పక్కింటివారు బీరకు కట్టిన తెల్ల వల రెండో వేసవికి ముక్కలుగా రాలిపోయింది. మట్టిలో కలిసిన ఆ ప్లాస్టిక్ ముక్కలను ఏరడం పెద్ద పని.

వల గడి ఆరంగుళాల చదరం. ఇదే సరైన గడి. నాలుగంగుళాల గడిలో గ్లాడియోలస్ ఆకులు ఇరుక్కుంటాయి, ఎనిమిది అంగుళాలు దాటితే కాండం గడిలోనే అటూ ఇటూ వాలుతుంది. మడికి నాలుగు మూలలా సర్వి కట్టెలు, మడి పొడవైతే ప్రతి ఆరడుగులకూ రెండు వైపులా మరో జత పాతాలి. మూల కట్టెలను కొద్దిగా బయటికి వాల్చి పాతితే వలను లాగినప్పుడు లోపలికి ఒరగవు. వల అంచు గడుల్లోంచి జీఐ తీగను (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ) దూర్చి, రెండు చివరలా కట్టెలకు బిగించి కడితే వల డోలు చర్మంలా బిగువుగా నిలుస్తుంది. ఈ బిగువే అసలైన మెలకువ. వదులుగా కట్టిన వల మధ్యలో కుంగి, మొక్కలకు ఊతం ఇవ్వడానికి బదులు తానే వాటి మీద బరువుగా కూర్చుంటుంది.

మొక్కలు జానెడు ఎత్తున ఉన్నప్పుడు వలను నేలకు అడుగు ఎత్తున పరచాలి. మొలకలు ఎదుగుతూ ఎవరూ తాకకుండానే గడుల్లోంచి పైకి వస్తాయి. దారి తప్పిన ఒకటి రెండింటిని వేలితో సర్దితే చాలు. గ్లాడియోలస్‌కు రెండడుగుల ఎత్తున రెండో వల కూడా కావాలి. బెంగళూరు చుట్టుపక్కల పాలీహౌసుల్లో కార్నేషన్ పెంచేవారు ఇటువంటి వలలనే ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా కడతారు. నేలసంపెంగకు ఒక్క వల సరిపోతుంది, ఎందుకంటే దాని ఆకులు కిందే గుబురుగా ఉండిపోయి పూకాడ ఒక్కటే పైకి లేస్తుంది. నేను వేసినది బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శృంగార్, మెక్సికన్ సింగిల్ రకాలను సంకరం చేసి రూపొందించిన ప్రజ్వల్ రకం. దాని కాడ పొడవైనది, మొగ్గలు పెద్దవి, కాబట్టి పై బరువు ఎక్కువ. వల లేని చివరి బారులో కాడలన్నీ ఆషాఢ గాలికి తూర్పు వైపు ఒరిగితే, వల ఉన్న బారులు అలాగే నిలిచాయి.

ఒక గాలివాన వెలిసిన తర్వాత నేను గ్లాడియోలస్ మడిలో కూర్చుని ఒక్కొక్క గడినీ పరీక్షగా చూశాను. దారం ఆనిన ఎత్తులో ఆకుల అంచు మీద సన్నని గోధుమరంగు గీత పడింది. రాపిడి వల్ల వచ్చిన గాయం అది. దాని పైనున్న కాడ మాత్రం నిటారుగా ఉంది, అడుగున విచ్చిన రెండు పూలు చిరిగినా పై మొగ్గలు చెక్కుచెదరలేదు. ఒక్క కాండం కూడా నేలను తాకలేదు. ఆ గీత పడిన ఆకుల కోసం ఎవరైనా ఈ వలను వద్దనుకుంటే నేను ఒప్పుకోను.

వల ఇంత బాగా పనిచేయడానికి కారణం అది మొక్కను బిగించి పట్టుకోకపోవడమే. గడిలో కాండానికి అంగుళం రెండంగుళాలు కదలడానికి చోటు ఉంటుంది. ఈ కదలిక మొక్కకు అవసరం. కాండాన్ని తరచుగా తాకి, రుద్ది, కదిలిస్తే అది పొడవులో తగ్గి మందంలో పెరుగుతుందని చూపించి, ఈ స్పందనకు 1973లో థిగ్మోమార్ఫోజెనెసిస్ అని పేరు పెట్టినవారు మార్క్ జాఫ్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు. కర్రకు రెండు మూడు చోట్ల బిగించి కట్టిన మొక్క ఆ కదలికను కోల్పోయి సన్నగా, పొడవుగా సాగుతుంది. కట్టు విప్పిన రోజున తన బరువు తానే మోయలేదు. పైగా వలలో పడమటి అంచు మొక్కల మీద పడిన గాలి తాకిడిని దారాల ద్వారా మడి అంతా పంచుకుంటుంది. ఒంటరి కర్రకు ఆ సాయం లేదు.

ముందుగానే పరచాలని ఇంతగా చెప్పడానికి కూడా కారణం ఉంది. కాండం పక్కకు ఒరగగానే ఆక్సిన్ అనే హార్మోను దాని కింది వైపుకు చేరుతుంది, ఆ వైపు కణాలు ఎక్కువగా సాగుతాయి, దాంతో కొస మళ్లీ ఆకాశం వైపు తిరుగుతుంది. గ్లాడియోలస్‌లో ఈ మలుపు కొన్ని గంటల్లోనే కనిపిస్తుంది. పూల వ్యాపారులు ఆ కాడలను పడుకోబెట్టకుండా నిలువుగా రవాణా చేసేది ఇందుకే. ఒరిగిన మరునాడు మనం వెళ్లి కాడను లేపి కర్రకు కడితే, అడుగు భాగం నిటారుగా, కొస మాత్రం పక్కకు తిరిగి ఉంటుంది. ఆ వంకర గట్టిపడిన తర్వాత ఏ ఊతమూ దాన్ని సరిచేయలేదు. మెడలు వంగిన పూకాడలు గుత్తిగా పెట్టుకోవడానికి కూడా పనికిరావు.

వలకు లోపాలు లేకపోలేదు. దాని కింద కలుపు తీయడం కష్టం. గొర్రు, పార ఆడవు, పక్క నుంచి చేయి దూర్చి చేత్తోనే పీకాలి. అందుకే వల పరిచే ముందే మడిలో వేరుశనగ పొట్టో, ఎండాకులో మందంగా పరచడం మంచిది. కాడ కోసేటప్పుడు అడుగున తెంచి పక్కకు లాగితే ఆకులు చిక్కుకుంటాయి; తెంచిన కాడను నిలువుగా పైకి ఎత్తి తీయాలి. పూలకాలం చివర వల విప్పడం అన్నింటికన్నా విసుగు పుట్టించే పని. మొక్కలను నేల దగ్గర కోసి, పూర్తిగా ఎండనిచ్చి, ఆ తర్వాత దులిపితే సులువుగా వస్తుంది.

కర్రతోనే నిలపవలసిన మొక్కలలో మొదటిది డాలియా. దాని కాండం డొల్లగా ఉంటుంది, పువ్వు వానకు నీరు పట్టి బరువెక్కుతుంది, కణుపు దగ్గర విరుగుతుంది. దుంప నాటే రోజునే కట్టె కూడా నాటాలి. తర్వాత పాతితే నేలలో పరుచుకున్న దుంపలలోకి దిగుతుంది. ఒక్క కట్టెకన్నా మొక్క చుట్టూ మూడు కట్టెలు పాతి, అడుగుకొక చోట చుట్టూ పురికొస తిప్పితే పైన చెప్పిన కదలికకు కూడా వీలుంటుంది.

రెండోది ఆరేడు అడుగులు పెరిగే పొద్దుతిరుగుడు. ఇది నడిమికి విరగదు, తడిసి మెత్తబడిన నేలలో వేరుతో సహా వాలుతుంది. లేత మొక్క సూర్యుడి వెంట తిరిగినా, పూర్తిగా విచ్చిన పువ్వు తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. ఉదయపు ఎండకు పువ్వు త్వరగా వేడెక్కి తేనెటీగలను ఎక్కువగా ఆకర్షిస్తుందని 2016లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. అంటే మన ఊళ్లో పువ్వు బరువు తూర్పుకే, గాలి తోపు కూడా తూర్పుకే. కాబట్టి కట్టెను మొక్కకు పడమటి వైపున పాతాలి. అప్పుడు గాలి వీచినప్పుడు కాండం కట్టె మీద పడి రాసుకోదు. కట్టు దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. హాలీహాక్‌కు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

కట్టు దేనితో వేస్తామన్నది కర్రకన్నా తక్కువ విషయం కాదు. ప్లాస్టిక్ సుతిలి లేత కాండాన్ని కోస్తుంది. పచ్చని పూత ఉన్న సన్న తీగ కట్టడానికి సులువు, కానీ కాండం లావెక్కే కొద్దీ దానిలోకి దిగబడుతుంది. కొన్నవాటిలో జనపనార పురికొస మంచిది. కొననవసరం లేనివాటిలో ఉత్తమమైనది, పూలు కట్టేవారు వాడే అరటినార. దాన్ని నీటిలో నానబెట్టి వేలి వెడల్పు పట్టీగా చీల్చి కడితే మెత్తగా ఉంటుంది, ఆరిన తర్వాత బిగిసి నిలుస్తుంది, కాలం ముగిసేసరికి దానంతటదే చివికి మట్టిలో కలుస్తుంది. తాడిపత్రి, పుట్లూరు వైపు అరటి తోటలున్న మన ప్రాంతంలో నారకు కొరత లేదు. కట్టు ఎప్పుడూ ఎనిమిది అంకె ఆకారంలో వేయాలి. ముడి కట్టె మీద పడాలి, కాండం చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండాలి, కాండానికీ కట్టెకూ నడుమ దారం అడ్డుగా ఉండాలి. పూకాడకైతే అన్నిటికన్నా కింది మొగ్గకు దిగువన కట్టాలి.

డబ్బుతో కొనని మరో ఊతాన్ని కూడా ఇక్కడ చెప్పకుండా ఉండలేను. వేరుశనగలో అంతరపంటగా వేసిన కంది కోత అయిన తర్వాత చేలగట్ల మీద కందికట్టె మోపులుగా పడి ఉంటుంది. దాన్ని పొయ్యికో, దడికో వాడతారు. కొమ్మలు కొమ్మలుగా చీలిన ఆ కట్టెను తలకిందులు చేయకుండా అలాగే చామంతి, కాస్మోస్ మొక్కల మధ్య గుచ్చితే, మొక్కలు ఆ కొమ్మలలోకి ఎదిగి ఏ కట్టూ లేకుండా నిలుస్తాయి. నడుమెత్తు మించని మొక్కలకు ఇది వలయాలకన్నా సహజంగా కనిపిస్తుంది. మాఘంలో ఒక మోపు తెచ్చి, తడవని చోట దాచుకుంటే వానాకాలానికి పనికొస్తుంది. చామంతి నాటిన నెల రోజులకు తలలు తుంచి పక్క కొమ్మలు రప్పిస్తే మొక్క పొట్టిగా, గుబురుగా ఎదిగి, ఊతం అవసరం సగానికి సగం తగ్గుతుంది.

ఏ ఊతమూ సరిదిద్దలేనివి కొన్ని ఉన్నాయి. ప్రహరీ గోడ నీడలోనో, వేపచెట్టు కిందో నాటిన మొక్క వెలుతురు కోసం సాగి పలచబడుతుంది. దాన్ని వలలో పెట్టినా కట్టెకు కట్టినా పూల బరువుకు మెడ వాలుస్తుంది. యూరియా ఎక్కువగా వేసిన మడిలో కాండం నీరు పట్టి మెత్తగా ఉంటుంది. పచ్చగా, ఏపుగా ఉందని సంతోషించే లోపలే అది ఒరుగుతుంది. పొటాష్ సరిపడా అందిన మొక్క కాండం గట్టిపడుతుంది. రోజూ కొద్ది కొద్దిగా నీరు చల్లితే వేర్లు పైనే ఉండిపోతాయి. ఆగి ఆగి లోతుగా తడిపితే వేర్లు కిందికి దిగుతాయి. గ్లాడియోలస్ దుంపలను పైపైన కాకుండా నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతున నాటి, మొక్క అడుగు ఎత్తు రాగానే మొదలుకు మట్టి ఎగదోస్తే, వలకు పడే పని చాలా తగ్గుతుంది. ఈ పనులు చేయకుండా వల కొని, అది పనిచేయలేదని అనడం న్యాయం కాదు.

మిద్దె మీద తోట పెట్టినవారి లెక్క వేరు. అక్కడ గాలి నేల మీదకన్నా బలంగా ఉంటుంది, కొబ్బరిపొట్టు కలిపిన తేలికైన మట్టిలో ఏ కట్టే నిలవదు, మొక్కకు ఊతం గట్టిగా కట్టిన కొద్దీ కుండీయే పక్కకు పడుతుంది. ఆన్‌లైన్ వలయాలు నాకు నిజంగా అక్కరకొచ్చింది ఇక్కడే. వలయం కాళ్లను కుండీ అంచుకు లోపలి వైపు ఆనించి అడుగుదాకా దించాలి, కుండీలో అడుగున రెండు గుప్పెళ్ల కంకర వేసి బరువు పెంచాలి, పొడవైన మొక్కలున్న కుండీలను మిద్దెకు పడమటి వైపున ఉన్న పిట్టగోడ పక్కకు చేర్చి, మెడల చుట్టూ ఒకే కొబ్బరితాడు తిప్పి గోడ కొక్కేనికి కట్టాలి. ఆ గోడ మూడడుగుల ఎత్తు ఉంటే దాని చాటున గ్లాడియోలస్ కూడా పూస్తుంది. పొద్దుతిరుగుడు పెద్ద రకాలు, హాలీహాక్ మాత్రం మిద్దె మీద పెట్టవద్దనే నేను చెబుతాను. ఈ భాద్రపదంలో దుంపలు నాటే ముందు పెరటికి యూవీ రకం క్రీపర్ నెట్ మరికొంత, మిద్దెకు కాళ్లు పొడవుగా ఉండే వలయాలు కొంటున్నాను. ఆ పొడవు కాళ్లవి ఆన్‌లైన్‌లో దొరకకపోతే, ఆరు మిల్లీమీటర్ల ఊచతో ఊళ్లోని వెల్డింగ్ షాపులోనే చేయించుకుంటాను.